సలోమి ఉరఫ్ అప్పలనర్సమ్మ గారి ఇంటి లోను

మా అమ్మమ్మ ఇల్లు కట్టక ముందే ఆ ఇంట్లో కాపురం పెట్టేసింది. తుమ్మపాల వెళ్ళే దారిలో ఆవిడకి నూట ఇరవై గజాల ఖాళీ స్థలం ఉండేది. ఆదివారం చర్చి అయ్యాక అక్కడికి వెళ్ళి, తెల్లచీర కొంగు నడుముకి దోపుకుని, సంచిలోంచి సున్నం తీసి నేల మీద గీతలు గీసేది. ఇది గది, ఇది వంటిల్లు, ఇది వరండా. తర్వాత వంటింటి గీతల మధ్య ఒక రాయి మీద కూర్చుని క్యారేజీ విప్పేది. నేను గీత మీంచి దాటి వెళ్తే ఊరుకునేది కాదు.

"గుమ్మం అటుంది గదే గుంటా! గోడలోంచి వత్తావేటి, దెయ్యంలాగ?"

ఆ పేట పిల్లలు ఆ స్థలంలో క్రికెట్ ఆడేవారు. సరిగ్గా ఆవిడ వరండాలోనే వికెట్లు పాతేవారు. ఆవిడ తిట్టేది కానీ వెళ్ళగొట్టేది కాదు. తగువొస్తే ఔటో కాదో ఆవిడనే అడిగేవారు. ముందుగా "మామ్మగారూ" అని ఎవడు పిలిస్తే వాడి పక్షాన తీర్పు చెప్పేది. ఆట గురించి అణువంతైనా తెలియని అంపైరు అనకాపల్లి మొత్తానికి మా అమ్మమ్మ ఒక్కర్తే అనుకుంటాను.

ఆవిడ గవర్నమెంటు ఆసుపత్రిలో ఆయా. మా తాతయ్య దేవప్రసాద్ పోయి అప్పటికి పదేళ్ళు దాటింది. మా అమ్మ సుజి ఒక్కర్తే కూతురు, పెళ్ళయి నక్కపల్లిలో ఉంది. నేను పదో తరగతి తప్పితే ట్యుటోరియల్‌లో చేర్చడానికి నన్ను అమ్మమ్మ దగ్గరికి పంపేరు. వచ్చేక గానీ నాకు తెలియలేదు, ఆవిడ డ్యూటీ అయిపోయినా ఆసుపత్రిలోంచి కదిలేది కాదని. పేషెంట్ల తాలూకు వాళ్ళు తెచ్చిన కబుర్లన్నీ విని, ఆ వార్డూ ఈ వార్డూ తిరిగి, ఇక పోకపోతే బాగుండదనుకున్నప్పుడు వచ్చేది.

"ఇంటికి రావడానికి నీకు అంత బద్ధకం ఏంటి అమ్మమ్మా?" అని అడిగితే, "ఇది మన ఇల్లేటి? నూకరాజు గారి ఇల్లు" అనేది.

నూకరాజు అప్పటి మా ఇంటి ఓనరు. ఆవిడ మారిన తొమ్మిది అద్దె ఇళ్ళ ఓనర్ల పేర్లూ వరసగా చెప్పేది. ఎండుచేపలు వండొద్దన్నవాడు ఒకడు, బక్కెట్లు లెక్కపెట్టి నీళ్ళిచ్చినవాడు ఒకడు, తాతయ్య శవాన్ని వీధి గుమ్మంలోంచి కాదు, పెరటి దారిన తీసుకెళ్ళమన్నవాడు ఒకడు. ఆ మూడో ఆయన పేరు మాత్రం మెల్లగా చెప్పేది. సున్నం గీతలు మొదలైంది ఆ మరుసటి ఆదివారం నుంచేనట.

రెండువేల ఐదులో బ్యాంకులు పిలిచి మరీ ఇంటి లోన్లు ఇస్తున్నాయని ఆసుపత్రిలో నర్సమ్మలు చెప్పుకున్నారు. అమ్మమ్మకి అప్పుడు యాభై రెండేళ్ళు. రిటైరయ్యేలోగా బాకీ తీరిపోవాలి కాబట్టి, ఇంకో ఏడాది గడిస్తే నెలనెలా కట్టేది ఆవిడ జీతానికి మించిపోతుందని మేనేజరు అరుణ్ కుమార్ గారు లెక్క వేసి చూపించారు.

"మార్చి లోపల ఫైలు పూర్తవ్వాలమ్మా. తర్వాత నేను కూడా ఏమీ చెయ్యలేను."

ఆయన మంచాయనే. చిక్కు ఆయన దగ్గర రాలేదు. బ్యాంకు లాయరు దగ్గర వచ్చింది.

అమ్మమ్మ జీతం కాగితం మీద పేరు సలోమి. స్థలం దస్తావేజు మీద పేరు అప్పలనర్సమ్మ.

నిజానికి రెండూ ఆవిడే. నాతవరం దగ్గర ఒక పల్లెలో చెరుకు రైతు ఇంట పుట్టిన అప్పలనర్సమ్మ పద్దెనిమిదో ఏట, అక్కడికి మందుల పెట్టె పట్టుకుని వచ్చే కాంపౌండరు దేవప్రసాద్‌తో వెళ్ళిపోయింది. బాప్తిస్మం ఇచ్చినప్పుడు పాస్టరుగారు సలోమి అని పేరు పెట్టారు. ఉద్యోగం ఆ పేరుతోనే వచ్చింది. సంతకం చెయ్యడం నేర్చుకున్నదీ ఆ పేరే. కానీ స్థలం కొన్నది మాత్రం చెవులకున్న బంగారం అమ్మి. అది వాళ్ళమ్మ పెట్టిన బంగారం. రిజిస్ట్రేషను రోజున పేరేంటమ్మా అని రైటరు అడిగితే, సొమ్ము అమ్మది కాబట్టి పేరూ అమ్మ పెట్టిందే చెప్పాలని ఈవిడకి తోచింది. తండ్రి పేరు, ఊరు అన్నీ పాతవే చెప్పి వేలిముద్ర వేసేసింది. మెట్లు దిగుతూ తాతయ్య నవ్వేడట: "స్థలం ఎవర్తో కొనుక్కుపోయింది. మరి నా పెళ్ళానికేటి మిగిలింది?"

ఆ నవ్వు పాతికేళ్ళ తర్వాత లాయరు గారి టేబులు మీద తేలింది.

"వీళ్ళిద్దరూ ఒకరే అని మీరు చెప్తే సరిపోదమ్మా. రెండు పేర్లూ తెలిసినవాళ్ళు, మీ పుట్టింటి రక్తసంబంధీకులు ఎవరైనా, అఫిడవిట్ మీద సంతకం పెట్టాలి."

అమ్మమ్మ ఇంటికొచ్చి వేళ్ళు మడవడం మొదలెట్టింది. రెండు పేర్లూ తెలిసినవాళ్ళు. తాతయ్య లేడు. బాప్తిస్మం ఇచ్చిన పాస్టరుగారు లేరు. ఇప్పటి పాస్టరు బెన్‌హర్ గారు కుర్రాయన. పాత రిజిస్టరు వెతికి తీశారు కానీ, అందులో పాత పేరు రాసే గడే లేదు. వాళ్ళ అమ్మా నాన్నా లేరు. ఒక చెయ్యి ముడుచుకుపోయింది. రెండో చేతికి వచ్చేసరికి చిటికెన వేలు ఒక్కటే నిలబడింది.

"మా అప్పిగాడున్నాడు," అంది.

అప్పిగాడంటే ఆవిడ తమ్ముడు అప్పారావు. ముప్పై అయిదేళ్ళుగా మాటల్లేవు.

జనవరి ఆఖర్లో ఇద్దరం బయల్దేరాం. పుట్టింటికి ఏం తీసుకెళ్ళాలో ఆవిడకి తెలియలేదు. ఆసుపత్రి అలవాటు కొద్దీ ఒక బ్రెడ్డూ నాలుగు బత్తాయిలూ కొంది. "తమ్ముడికి జ్వరమా?" అంటే నెత్తి మీద మొట్టింది. నర్సీపట్నం బస్సెక్కాం. అక్కడ దిగి నాతవరం బస్సు ఎక్కేలోగా, కంగారుకి, రెండు బత్తాయిలు తనే తినేసింది.

అప్పారావు తాతయ్య ఇంటి దగ్గర లేడు. చెరుకు గానుగ దగ్గర ఉన్నాడన్నారు. పాకలో బెల్లం వండే పెద్ద పెనం కింద మంట భగభగమంటోంది. నల్లగా, పొడుగ్గా ఉన్న ఒకాయన గరిటె పట్టుకుని పెనంలోకే చూస్తున్నాడు. పక్కన ఇద్దరు కూలీలు. మమ్మల్ని చూశాడు. మళ్ళీ పెనంలోకి చూశాడు. మనిషి వచ్చిందని వంట ఆపే పని కాదు అది. ఆగితే మాడిపోతుంది. అదే వంక చేసుకుని ఆయన తలెత్తలేదు. మేం పాక బయట అరగంట నించున్నాం. బ్రెడ్డు ప్యాకెట్టు అమ్మమ్మ చేతిలో నలిగిపోయింది.

ఉన్నట్టుండి ఆవిడ ముక్కు పైకెత్తింది. చర్చిలో నిద్రపోయి లేచినదానిలాగ ఉలిక్కిపడి కేకేసింది:

"ఒరే అప్పిగా! దించరా! ముదిరిపోతంది పాకం!"

"దించండిరా, మా అప్ప సెప్తంది!" అని ఆయన కూలీల మీద అరిచేడు. వాళ్ళు కర్రలేసి పెనం దించేశారు. దించేక గానీ తను అక్కని అప్ప అని పిలిచేశాడని ఆయనకి తెలియలేదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పాకం వాసన చూడ్డానికి ఈవిడనే కూర్చోబెట్టేవాడట.

ఇంక గొడవలన్నీ తీరిపోయాయనుకున్నాను నేను. సినిమాలు ఎక్కువ చూసినదాన్ని కదా.

ఆయన మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళి వాకిట్లో మంచం వాల్చేడు. వాళ్ళావిడ కాసులమ్మ మంచినీళ్ళిచ్చింది. అమ్మమ్మ సంగతి చెప్పింది. ఆయన చాలాసేపు నేల మీద పుల్లతో గీస్తూ కూర్చున్నాడు.

"నువ్వెల్లిపోయిన పదోనాడు నాన్న మాకందరికీ తలకి నీళ్ళు పోయించేసేడప్పా. నువ్వు లేనట్టే లెక్కని సెప్పేడు. నాకు గుండు కూడా సేయించేడు."

"నా కోసరం గుండు సేయించుకున్నోడివి నువ్వొక్కడివేరా," అంది అమ్మమ్మ. నవ్విందో లేదో నాకు తెలియలేదు.

"నాన్న పోయినప్పుడు ఎమ్మార్వో ఆఫీసుల నానొక్కణ్ణే సంతానం అని రాసిచ్చేను. బూవి నా పేరున ఎక్కింది. ఇప్పుడు నువ్వు నాకు అప్పవని సంతకం ఎడితే..."

మిగతాది కాసులమ్మ పూర్తి చేసింది. "రేపు వాటా అడిగితే ఏటి సేత్తాం వదినా? తప్పుగా అనుకోకు. మాకూ పిల్లలున్నారు."

"మీ గట్టు మీద మన్ను కూడా నాకొద్దమ్మా."

"నోటిమాట కాదప్పా," అన్నాడాయన, నేల మీంచి కళ్ళెత్తకుండా. "కాయితం మీద రాసీ. నువ్వది రాత్తే నానిది రాత్తాను."

బ్రెడ్డు ప్యాకెట్టు మంచం మీద పెట్టి అమ్మమ్మ లేచింది. "సోమవారం అనకాపల్లి రా. నోటరీ కాడ రాసుకుందాం."

తిరుగు బస్సులో నేను ఆపుకోలేకపోయాను. "ఎకరంలో సగం వచ్చినా ఇల్లు కట్టేసుకోవచ్చు కదా అమ్మమ్మా, లోను ఎందుకు?"

"ఆ మట్టి మీద ఇల్లు కడితే నానెవులింట్ల ఉన్నట్టే?" అంది. మళ్ళీ తనే, "వోడు అప్ప అన్నాడు, ఇన్నావా?" అంది.

"విన్నాను. పాకం కోసం అన్నాడు."

"ఏటి కోసరవైతేనేటి. అన్నాడు గదా," అని కిటికీ వైపు తిరిగిపోయింది.

సోమవారం ఆయన వచ్చాడు. తెల్ల చొక్కా తొడుక్కుని, మడత పెట్టిన తువ్వాలు భుజాన వేసుకుని, పెళ్ళికొచ్చినట్టు వచ్చాడు. నోటరీ గారు రెండు కాగితాలు టైపు చేయించారు. ఒకదాంట్లో, సలోమి ఉరఫ్ అప్పలనర్సమ్మ నా తోబుట్టువు అని తమ్ముడు ఒప్పుకుంటున్నాడు. రెండోదాంట్లో, ఆ ఇంటి ఆస్తిలో నాకు ఏ హక్కూ లేదు, ఎప్పుడూ అడగను అని అప్ప ఒప్పుకుంటోంది. ముందు ఆవిడది అయ్యాకే తనది అన్నాడు ఆయన. నోటరీ గారు పాత పేరుతో సంతకం పెట్టమన్నారు. అక్కడ ఆవిడ కలం ఆగిపోయింది. ఆ పేరు ఆవిడ జన్మలో రాయలేదు.

పదో తరగతి తప్పినదాన్ని, ఆ రోజు గురువునయ్యాను. ఆవిడ అరచేతిలో అప్పలనర్సమ్మ అని రాసి చూపించాను. ఆవిడ చెయ్యి చూసుకుంటూ ఒక్కో అక్షరమే కాగితం మీదికి దించింది. మొదటిసారి తన పేరు రాసుకున్నది, ఆ పేరుకి ఇంక ఏమీ రాదని ఒప్పుకోడానికి. తమ్ముడు అది చూసి గోడ వైపు తిరిగాడు. తర్వాత తన సంతకం పెట్టాడు.

బయటికొచ్చాక టీ తాగారు. ఏదో మాట్లాడుకుంటారని నేను దూరంగా వెళ్ళి నించున్నాను. ఈ ఏడు బెల్లం ధర గురించి రెండు మాటలు అనుకున్నారు.

"వత్తానప్పా. బస్సుంది," అన్నాడు.

"ఇల్లయ్యాక కబురెడతాను. రావాలి," అంది.

ఆయన తలూపాడు. అవును అని ఊపాడో, విన్నాను అని ఊపాడో ఆ తలనే అడగాలి.

మార్చి ఇరవై ఎనిమిదిన లోను మంజూరయింది. సున్నం గీతల మీదే పునాదులు తవ్వించింది అమ్మమ్మ. ఒక గది, ఒక వంటిల్లు, ఒక వరండా. వికెట్లు పీకేసిన పిల్లలు అలిగి వేరే స్థలం వెతుక్కున్నారు. ఇటుకలు దింపుతుంటే అమ్మమ్మ వీధి వైపు చూసి, "మనోళ్ళు ఎటెల్లిపోనారే?" అని రోజూ అడిగేది. తొమ్మిదిమంది ఓనర్ల దగ్గర పడి ఉన్న మనిషి, తను ఓనరయ్యాక మొదట ఖాళీ చేయించింది వాళ్ళనే.

నవంబరులో గృహప్రతిష్ఠ ప్రార్థన పెట్టారు. నాతవరానికి కార్డు రాశాం, ఊరెళ్ళే మనిషితో కబురూ పంపాం. గుమ్మానికి ఎదురుగా ఒక కుర్చీ వేసి, ఎవరూ కూర్చోకుండా దాని మీద తువ్వాలు పరిచి ఉంచింది. బెన్‌హర్ గారు ప్రార్థన ముగించారు. నర్సమ్మలు భోంచేసి వెళ్ళిపోయారు. మా అమ్మా నాన్నా సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయారు. కుర్చీ అలాగే ఉంది. ఎండ వరండా దాటిపోయాక, ఆవిడే తువ్వాలు తీసి, దులిపి, ఆ కుర్చీలో కూర్చుంది.

"ఒకపాలి ఆ పేరెట్టి పిలవే," అంది.

"ఏ పేరు?"

"ఆ పేరే."

"ఊరికే పిలవను. రూపాయి."

ఇచ్చింది. "అప్పలనర్సమ్మా!" అన్నాను. "ఓయ్" అంది. ఆ నెలంతా నాకు చిల్లరకి లోటు లేదు.

మూడోసారి కూడా పరీక్ష తప్పాక మా నాన్న ఇక చదువు చాలని నన్ను నక్కపల్లి తీసుకెళ్ళిపోయాడు. అమ్మమ్మ ఇంట్లో అప్పటికి ల్యాండ్‌లైను పెట్టించారు. ఆదివారం చర్చి అయ్యే వేళ చూసి బూత్ నుంచి ఫోను చేస్తాను. గొంతు మార్చి, "అప్పలనర్సమ్మ గారున్నారా అండీ?" అని అడుగుతాను.

"ఉన్నారు. ఉండండి, పిలుత్తాను," అంటుంది అమ్మమ్మ.

ఫోను కింద పెట్టిన చప్పుడు. చెప్పుల చప్పుడు గదిలోకి, వంటింట్లోకి వెళ్తుంది. నా రూపాయలు మీటరులో పడుతూనే ఉంటాయి. ఆ చప్పుడు వరండా దాకా వెళ్ళి, అక్కడ కాసేపు ఆగి, నెమ్మదిగా వెనక్కి వస్తుంది.

"ఎవులూ?" అంటుంది అప్పలనర్సమ్మ.