తలైవర్ కోసం పోయిన పార్థిబన్

పెద్ద నాయకుడెవరైనా కన్నుమూస్తే (తమిళనాడు వైపు తలైవర్ అంటారు) పార్టీవాళ్లకు ఒక పని పడుతుంది. ఆ కబురు విని తట్టుకోలేక గుండె ఆగి చనిపోయినవాళ్లు ఎవరెవరని ఊరూరా తిరిగి పోగుచేస్తారు. పక్క ఊరికంటే మన ఊరికి ఒకరు తక్కువైతే తల కొట్టేసినంత పని. అందుకని ఆ వారంలో పోయినవాడు ఏ రోగంతో పోయినా సరే, ఫొటో ఫ్లెక్సీ ఎక్కాల్సిందే. ఈ వేడుక చూసి నవ్వుకునేవాళ్లు నవ్వుకుంటారు. యువరాణి అనే ఆవిడకు మాత్రం ఒళ్లు మండింది. ఆ ఫొటోల్లో ఆమె మొగుడు పార్థిబన్ ఉన్నాడు.

యువరాణి తిరుత్తణి కొండ కింద ఒక సత్రంలో గదులు ఊడుస్తుంది. నలుగురిలో గొంతెత్తి ఎరగని మనిషి. పార్థిబన్ తిరువళ్ళూరు దారిలో ఒక రంగుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తలైవర్ పోయిన రోజున క్యాంటీన్‌లో టీవీ చూస్తూ కుర్చీలోనే ఒరిగిపోయాడని మేనేజరు చెప్పాడు. ఆమె కూడా నమ్మేదే. కానీ సాగనంపే ముందు శవానికి నీళ్లు పోస్తుంటే చెవుల్లో, గోళ్ల సందుల్లో నల్లటి బురద కనిపించింది. ఎంత రుద్దినా కంపు వదల్లేదు. ఫ్యాక్టరీ వెనక మురుగుతొట్టి కడిగి వచ్చిన రోజున అతని చొక్కాకు అదే కంపు ఉండేది. అందులో విషగాలి నిలుస్తుందని, మాస్కు అడిగితే ఇవ్వరని అతనే చెప్పేవాడు.

అన్న పని తమ్ముడు వసంత్‌కు ఇచ్చారు. వచ్చే సోమవారం తొట్టిలోకి దిగమన్నారు.

"దిగొద్దురా" అంది యువరాణి.

"అన్న గుండాగి పొయినాడు గదా వదినా. తొట్టిలో ఎవురు సచ్చినారని? నువ్వు ఊరికే బయపెడతా ఉండావు."

ఆ మాటతో ఆమెకు తెలిసొచ్చింది. మొగుడి చావు గురించి చెప్పిన అబద్ధం మరిదిని కూడా మింగబోతోంది. ఫ్యాక్టరీకి పోతే గేటు దాటనివ్వలేదు. పార్థిబన్ తొట్టిలోకి దిగితే పైన తాడు పట్టుకునే ఎలుమలై ఆమెను చూసి సందు మార్చుకున్నాడు. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు. ఎలుమలై నోటితోనే నిజం వసంత్ చెవిన వేసే దారి కోసం చూస్తూనే ఉంది.

ఆ దారి పార్టీ పట్టణ కార్యదర్శి ఆనందరాజ్ రూపంలో ఇంటికే వచ్చింది.

"ఆదివారం తిరువళ్ళూరు కల్యాణమండపంలో సంతాపసభమ్మా. మైకులో ఒక్క మాట చెప్తే చాలు, తలైవరంటే మా ఆయనకు ప్రాణమని."

"ఫ్యాక్టరీ వాళ్లూ వస్తారా అన్నా?"

"రాకుంటే జనం యాడ దొరకతారు? మేనేజరే రెండు లారీలు తోలిస్తా ఉండాడు."

"అట్లయితే వస్తా" అంది.

ఆదివారం వేదిక మీద ఆమె పక్కన ఒక ముసలమ్మను కూర్చోబెట్టారు. ముసలమ్మ యువరాణి చెవి దగ్గరికి వంగి, "మీ ఆయనకు ఏం జబ్బు తల్లీ? మా ముసిలాయనకు పక్షవాతం. టీవీలో సూసి పొయినాడంట. ఆయనకు కండ్లే కనబడవు" అంది. అంతలోనే యువరాణి పేరు పిలిచారు.

"నా మొగుడు తలైవర్ కోసం పోలేదు" అంది తమిళంలో. "మురుగుతొట్టిలో ఊపిరాడక పోయాడు. రేపు అదే తొట్టిలోకి నా మరిదిని దించుతున్నారు."

ఆనందరాజ్ గబగబా వచ్చి మైకు లాక్కున్నాడు. లాక్కుంటే లాక్కోనీ, గొంతు తనదేగా అనుకుంది. ఈసారి ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే అరిచింది.

"ఎలుమలన్నా! ఆ పొద్దు తాడు పట్టుకున్నింది నువ్వే గదా? వసంతు నీ పక్కనే ఉండాడు. వాడి మొగం జూసి చెప్పు!"

ముందు వరసలో మేనేజరు వెనక్కి తిరిగి చూశాడు. ఎలుమలై మేనేజరును చూశాడు, పక్కనున్న వసంత్‌ను చూశాడు. చివరికి లేచాడు.

"నేనే పైకి లాగినా చెల్లీ. అప్పుటికి బతికే ఉండాడు. కండ్లు గూడా తెరిచినాడు. ఆస్పత్రికి పోతే కేసయితాదని, మేనేజరోళ్లు ఒళ్లు కడిగించి ఏరే చొక్కా తొడిగించినారు. టీవీ ముందర కుర్చీలో కూర్చోబెట్టించినారు. పానం పోయేదాకా ఆడనే ఉండాడు."

యువరాణికి ఇది తెలియదు. చచ్చిపోయాకే కుర్చీలో పెట్టారనుకుంది. ఏడుపు తన్నుకొచ్చింది. ఇప్పుడు ఏడిస్తే అడగాల్సింది అడగలేనని దాన్ని మింగేసింది.

"వసంతూ, ఇన్నావా?"

వసంత్ అప్పటికే లేచి నిలబడ్డాడు. మేనేజరు వైపే చూస్తున్నాడు.

"ఇన్నా వదినా. నేను దిగను. ఎవుర్నీ దిగనీను."