గ్లాసుల మీద పేర్లు

నా చిన్నప్పుడు ఒకే ఒక్క పూట మా ఇంట్లో పద్నాలుగు కుర్చీలు, నాలుగు గోడ గడియారాలు, రెండు టేబులు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్జు ఉన్నాయి. ఇల్లేమో జాలరిపేటలో సముద్రం వైపు వీధి చివర, ఒక్క గది. అందులో అన్ని కుర్చీలు ఎలా పట్టాయని అడక్కండి. ముందే ఒప్పేసుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. పావుకిలో నెత్తళ్లు నా నోట్లో పడితే సొరచేపై బయటికొస్తాయి. కుర్చీలు బహుశా ఆరు. గడియారాలు రెండు. ఫ్రిజ్జు మాత్రం నిజంగానే ఒకటి. దాన్ని కూడా రెండు చేద్దామనే ఉంది గాని, ఆ వీధి మొత్తానికి ఉన్నదే ఒకటి.

ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు. మా నాన్న గుజరాత్ వైపు మరబోటు మీద పనికి వెళ్ళాక అంటుకుంది. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. మావైపు మగవాళ్ళు చాలామంది అలా వేరే సముద్రానికి వెళ్ళి, వానాకాలం మొదట్లో తిరిగి వచ్చేవారు. నాన్న మొదటి ఏడు వచ్చాడు. రెండో ఏడు రాలేదు. మూడో ఏడూ రాలేదు. అక్కడెక్కడో వేరే బోటెక్కాడని తోటివాళ్ళు చెప్పారు. మనియార్డర్లు ఆగిపోయాయి. ఉత్తరం మాత్రం నెలకొకటి వచ్చేది. బాగున్నాను, వచ్చే నెల వస్తాను, నువ్వు బాగా చదువుకో అని నాలుగు ముక్కలు.

నాన్న రాకుండా గడిచిన ప్రతి నెలకీ నేను బళ్ళో ఆయన బోటుకి ఒక అంతస్తు కట్టాను. తొమ్మిదో తరగతిలో అది ఓడ అయింది. పదో తరగతికి ఆ ఓడకి లిఫ్టు వచ్చింది. కొండ పక్కనుంచి హార్బరులోకి వచ్చే విదేశీ ఓడల్ని బీచి మీద నిలబడి తోటి పిల్లలకి చూపించి, "మా నాన్నది దీనికన్నా కొంచెం పెద్దది, అందుకే ఇక్కడ పట్టదు" అనేవాణ్ణి. ఆయన ఎందుకు రావడం లేదో దానికదే తేలిపోయేది.

నన్ను పెంచింది మా మామ్మ, నాన్నని కన్న తల్లి. తెల్లారకముందే రేవుకి వెళ్ళి, వేలంపాటలో చేపలు కొని, బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగి, దీపాలు పెట్టే వేళకి వచ్చేది. బడి నుంచి నేను వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండేవారు కాదు. గూట్లో నాన్న గ్లాసు ఉండేది, అంచు కాస్త నొక్కుకుపోయిన స్టీలు గ్లాసు. దాన్నీ, నాదీ పక్కపక్కన పెట్టి రెండింట్లోనూ నీళ్ళు పోసేవాణ్ణి. నాది తాగేవాణ్ణి. రెండోది కాసేపు చూసి, అదీ నేనే తాగేవాణ్ణి. బళ్ళో ఎవరికీ చెప్పని సంగతి అదొక్కటే. దాన్ని ఎలా పెంచాలో నాకు తెలియలేదు.

పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్కులో సీటొచ్చింది. ఫీజు, పుస్తకాలు, హాస్టల్లో తిండి అన్నీ ప్రభుత్వమే స్కాలర్‌షిప్పు కింద చూస్తుందన్నారు. కాకపోతే తల్లిదండ్రుల ఏడాది ఆదాయం ఫలానా గీత దాటకూడదు. దాటలేదని మండలాఫీసు నుంచి సర్టిఫికెట్టు తేవాలి. అది లేకపోతే చదువు లేదు. ఐసు ఫ్యాక్టరీలో మంచు దిమ్మలు మోసే పనికి మామ్మ అప్పటికే మాట్లాడి ఉంచింది.

మండలాఫీసు అరుగు మీద మా బడి పిల్లలం నలుగురం కూర్చుని దరఖాస్తులు నింపుతున్నాం. మిగిలిన ముగ్గురూ నా ఓడలో లిఫ్టెక్కి దిగినవాళ్ళే. తండ్రి వృత్తి అన్న చోట నా పెన్ను ఆగింది. ముగ్గురి మెడలూ నా కాగితం మీదికి సాగాయి. 'ఓడలో అధికారి' అని రాశాను. అధికారి అన్నాక ఆదాయం కూడా ఆ స్థాయిలో ఉండాలి కదా. సున్నాలు గడిలో పట్టక పక్క గడిలోకి నడిచి వెళ్ళాయి.

కాగితం చూసిన గుమస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏటి బాబూ, మీ నాన్నకి ఇంత జీతమే! అయితే మా ఆఫీసోళ్ళందరికీ మీ నాన్నే స్కాలర్‌షిప్పు ఇచ్చీవొచ్చు కదా" అన్నాడు. అరుగంతా నవ్వింది. బుధవారం రెవెన్యూ ఇనస్పెక్టరు గారు ఇంటికొచ్చి చూస్తారనీ, ఆయన ఏం రాస్తే అదే ఖాయమనీ చెప్పి పంపించాడు.

మామ్మకి సున్నాల సంగతి చెప్పలేదు. ఆఫీసరు వస్తున్నాడని మాత్రం చెప్పాను.

అసలు తప్పు అక్కడ జరిగింది. మా వీధిలో ఎవరింటికి కొత్త మనిషి వచ్చినా, ఆ ఒక్క పూటకి వీధిలో ఉన్న మంచి సామానంతా ఆ ఇంటికి చేరేది. పెళ్ళిచూపులకీ అంతే, దూరపు చుట్టాలకీ అంతే. "గవర్నమెంటోడు మనింటికొత్తంటే పీట మీద కూకోబెడతావేట్రా?" అని మామ్మ నన్ను కసిరి, వీధిలోకి ఒక కేక వేసింది. బుధవారం పొద్దున్నే కుర్చీలు నడిచి వచ్చాయి. ఫ్రిజ్జుని పక్కింటి అత్త కొడుకులు పల్లకిలా మోసుకొచ్చారు. "దర్జాగా ఉండాల్రా గుంటడా. బికారోళ్ళకెవడు సంతకం ఎడతాడు?" అంది అత్త, తన గ్లాసుల్ని కొంగుతో తుడిచి వరసగా పేరుస్తూ. ఆయన వచ్చేదే మేం ఎంత లేనివాళ్ళమో చూడ్డానికని వీధిలో ఒక్కరికీ తట్టలేదు. నాకు తట్టింది. అయినా వాళ్ళతో కలిసి కుర్చీలు సర్దాను.

మామ్మ పది దాకా కూర్చుంది. "ఇంకా కూకుంటే సేపలు పాడైపోతాయి, నువ్వే మాటాడీ" అని బుట్టెత్తుకుని వెళ్ళిపోయింది. ఆ ఇల్లు జన్మలో ఎప్పుడూ అంత నిండుగా లేదు. అన్ని కుర్చీల మధ్య కూర్చోడానికి నేనొక్కణ్ణే. ఏ కుర్చీలో కూర్చోవాలో తేలక నిలబడ్డాను.

ఇనస్పెక్టరు గారు సైకిలు మీద వచ్చారు. సన్నటి మనిషి, చంకలో గొడుగు. ఎంత సన్నమంటే, ఏది గొడుగో ఏది ఆయనో చెప్పడం కష్టం. కుర్చీలో కూర్చుని గడియారాలు చూశారు. ఒకటి పదకొండు, రెండోది నాలుగున్నర. ఫ్రిజ్జు తీగ వెంట ఆయన చూపు పాకింది. దాని కొస నేల మీద పడుంది, మా గోడకి ప్లగ్గే లేదు.

"ఈ సామానంతా మీదేనా బాబూ?"

"మాదేనండి. మా నాన్న ఓడ మీంచి పంపించినాడండి."

మాది కాదంటే స్కాలర్‌షిప్పు వస్తుందని నాకు తెలుసు. కానీ మాది కాదనడమంటే, నాన్న ఏమీ పంపలేదనడం. నాన్న లేడనడం. ఆ మాటకి నా నాలుక తిరగలేదు.

ఆయన మంచినీళ్ళడిగారు. ఉన్నవాటిలో తళతళలాడే గ్లాసుతో ఇచ్చాను. తాగబోతూ ఆగి, గ్లాసు తిప్పి దాని మీద చెక్కిన పేరు చదివారు. స్టీలు సామాను కొన్నప్పుడు కొట్టులో పేరు చెక్కించుకోవడం మా వీధికీ అలవాటే. ఆ అలవాటు సంగతి ఆ రోజు వీధంతా మరిచిపోయింది.

"ఈవిడెవరు?"

"పక్కింటి అత్తండి."

బిస్కెట్ల పళ్ళెం ఎత్తి అడుగు చూశారు. "ఈయన?"

"ఎదురింటి మావయ్యండి."

వరసగా ఉన్న గ్లాసులన్నీ ఒక్కొక్కటే తిప్పి చదివారు. మా వీధి వోటర్ల లిస్టు మొత్తం ఆయన చేతుల్లో తిరిగింది. "మీవాళ్ళ పేరున్నది ఒక్కటీ లేదేటి?" అన్నారు, కోపం లేకుండా. గూట్లోంచి నాన్న గ్లాసు తీసిచ్చాను. ఆయన దాని మీద పేరు చూసి, ఫైలు తెరిచి తండ్రి పేరు దగ్గర వేలుంచారు. పొద్దున్నుంచీ ఆ ఇంట్లో రెండు పేర్లు కలిసింది అక్కడే. నొక్కు లేని వైపుకి తిప్పుకుని, ఆ గ్లాసుతోనే నీళ్ళు తాగారు. అది వేరే మనిషి పెదవులకి తగిలి రెండేళ్ళు దాటింది.

"నాన్న ఎప్పుడొత్తాడు?"

"వచ్చే నెలండి. ఉత్తరం కూడా రాసినాడు." రేకుపెట్టెలోంచి తీసి చేతికిచ్చాను. నాలుగు ముక్కల ఉత్తరాన్ని ఆయన నలభై పేజీలున్నట్టు చదివారు. ఉత్తరం వంక ఒకసారి, ఫైల్లో దరఖాస్తు వంక ఒకసారి చూశారు. "దస్తూరీ బాగుంది" అన్నారు. మడత నలగకుండా నాకిచ్చేశారు.

తర్వాత గొంతు తగ్గించారు. "ఇదిగో బాబూ, ఈ గడిలో మీ నాన్న ఎంత గొప్పోడని గవర్నమెంటు అడగలేదు. ఏడాదంతా ఈ ఇంట్లోకి ఏటొచ్చిందని అడిగింది. ఆ రెండూ వేరు. మీ నాన్న ఓడ నీ దగ్గరే ఉంచుకో, దాన్ని నాను ముట్టుకోను. ఇంట్లోకి ఏటొచ్చిందో సెప్పు."

"మామ్మ బుట్టేనండి" అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది, అంత చిన్నగా వచ్చింది.

పెన్ను నా చేతికే ఇచ్చారు. సున్నాల ఊరేగింపు మొత్తం కొట్టేసి, మామ్మ బుట్ట తెచ్చేదెంతో రాశాను. వృత్తి దగ్గర 'అధికారి' ఒక్కటి కొట్టించి 'పని' అని రాయించారు. 'ఓడలో' అన్నది అలాగే వదిలేశారు.

ఆయన సైకిలు మలుపు తిరగ్గానే సామానంతా ఎవరిళ్ళకి వాళ్ళు తీసుకుపోయారు. "ఏటన్నాడ్రా?" అంది సాయంత్రం మామ్మ బుట్ట దించుతూ. సంతకం పెడతానన్నాడని చెప్పాను. "మా ఫ్రిజ్జు సూసి అదిరిపోనాడు, సూసినావా!" అంది పక్కింటి అత్త. పోయేదాకా ఆవిడ ఆ స్కాలర్‌షిప్పు తన ఫ్రిజ్జు ఇప్పించిందనే నమ్మింది. నేను కాదనలేదు.

స్కాలర్‌షిప్పు వచ్చింది. చదువూ అయింది. నాన్న రాలేదు.

ఈమధ్య మా అమ్మాయి కాలేజీ దరఖాస్తులో తండ్రి ఆదాయం గడి నింపాను. అన్నీ పెంచి చెప్పే నేను అక్కడ రూపాయి అటూ ఇటూ కానివ్వను. ఆ గడి దగ్గరికొస్తే నొక్కుపోయిన గ్లాసుతో నీళ్ళు తాగుతున్న మనిషి ఎదురుగా కూర్చుంటాడు. దాని కింద తండ్రి ఉన్నాడా అని అడిగే గడి లేనందుకు ఇప్పటికీ ఊపిరి పీల్చుకుంటాను.

ఇంతకీ ఇందులో కల్పించిందేదో చెప్పాలి. కుర్చీల లెక్క ముందే చెప్పేశాను. మిగిలింది ఒక్కటి. నాన్న దగ్గర్నుంచి నెలకొక ఉత్తరం వచ్చేదని పైన రాశాను. రాలేదు. ఒక్కటీ రాలేదు. ఇన్‌లాండు కవర్లు నేనే కొనుక్కుని, బడి నుంచి వచ్చాక, మామ్మ రాకముందు, నేనే రాసుకునేవాణ్ణి. ఆ రోజు ఇనస్పెక్టరు గారి ముందు ఫైల్లో నా దరఖాస్తు, చేతిలో మా నాన్న ఉత్తరం. రెండింటి మీదా ఒకే దస్తూరీ. ఆయన చూసి, బాగుందన్నారు.