పెంటమ్మ గెడ్డకి నేను పెట్టిన ఇంగ్లీషు పేరు

ఖాయమైపోయిందండీ! ఇక మార్పు లేదు! మా కొండ మీది జలపాతానికి ఇంగ్లీషులో కూడా పేరు పెంటమ్మ గెడ్డే! ఇందాకే పర్యాటకం ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. రోడ్డు మీద బోర్డులోనూ, పర్యాటకుల కోసం వేస్తున్న మ్యాపులోనూ ఇంగ్లీషు అక్షరాల్లో అదే వేస్తారట. డిగ్రీ పాసైన రోజున కూడా నాకు ఇంత సంతోషం కలగలేదు. మా వంశంలో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే కాబట్టి, అప్పుడు ఎంత సంతోషపడాలో చెప్పేవాళ్లు కూడా లేకపోయారు.

ఒక వాగు పేరు ఖాయమైతే ఇంత గంతులెందుకని మీరనుకోవచ్చు. కారణం ఉంది. దీనికి ముందు అదే జలపాతానికి నేనొక ఇంగ్లీషు పేరు పెట్టాను. ఆ పేరు దెబ్బకి ఊరికి నీళ్లు ఆగిపోయాయి, మా నాన్న వంగమడి వాడిపోయింది, ప్రభుత్వం వారి బోర్డొకటి పసుపూ కుంకుమా పూసుకుని పెంటకుప్ప మీద పడుకుంది. ఇంత విధ్వంసం రెండే రెండు ఇంగ్లీషు ముక్కలతో చేసిన మనిషి మీకు ఇంకొకరు దొరకరు. కూర్చోండి, చెబుతాను.

శృంగవరపుకోట నుంచి కొండల వైపు ఆటోలో పోతే, ఇక నా వల్ల కాదని ఆటో ఎక్కడ మొరాయిస్తుందో అదే మా ఊరు. అక్కణ్ణుంచి కాలిబాటన పైకెక్కితే గెడ్డ. కొండవాగుని మేం గెడ్డ అంటాం. అది పెద్ద బండ మీంచి దూకి, మా పొలాల్లోంచి కింది ఊరికి పోతుంది. ఎండాకాలంలో రెండూళ్లకీ ఉన్న నీళ్లు అవే. ఆ గెడ్డ లేకపోతే మా నాన్న వంకాయ లేదు, వంకాయ లేకపోతే నా డిగ్రీ ఫీజులూ లేవు.

పేరు సంగతి కూడా చెప్పాలి. మా వైపు వరసగా పిల్లలు పుట్టి దక్కకపోతే, ఆ తర్వాత పుట్టిన బిడ్డని చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెడతారు. పొరుగింటావిడ ఏమీ ఎరగనట్టు అటుగా వచ్చి, ఎవరో పారేశారని ఎత్తుకుంటుంది. కన్నతల్లి ఆవిడకి గుప్పెడు నూకలిచ్చి బిడ్డని కొనుక్కుంటుంది. కొన్నవాళ్లది బిడ్డ. పేరు పెంటయ్యో, పెంటమ్మో, నూకయ్యో. ఇలాంటి సరుకు మనకెందుకులే అని చావు మొహం చిట్లించుకుని పోతుందన్నమాట.

మా గెడ్డ కూడా ఒకప్పుడు దక్కేది కాదట. వానలకి పుట్టడం, శివరాత్రికి పోవడం. మా మామ్మ అత్తగారి కాలంలో ఆడవాళ్లందరూ కలిసి కుండెడు గెడ్డనీళ్లు పెంటకుప్ప మీద పెట్టి, నూకలిచ్చి కొని, పెంటమ్మ అని పేరు పెట్టారు. అప్పట్నుంచి ఎండలేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారు కదా. మా దగ్గర ఊరూ దిబ్బే, పేరూ దిబ్బే. నీళ్లు మాత్రం గొప్ప.

ఇలా ఉండగా పర్యాటకం వాళ్ల ఆఫీసరు గారొకాయన జీపులో వచ్చారు. బోర్డు పెడతారట. తెల్లచొక్కా, నల్ల కళ్లజోడు, మాటలు ఇస్త్రీ చేసినట్టున్నాయి.

"దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు?" అని అడిగారు.

ఊరంతా నా వైపు తిరిగింది. భోజనాల దగ్గర పప్పు అయిపోతే వంటవాడి వైపు తిరుగుతారు చూడండి, అలాగ.

"మా గుంట ఉన్నాది బాబూ," అన్నాడు సర్పంచి మావ, కోళ్ల సంతలో పుంజుని ఎత్తి చూపించినట్టు నన్ను ముందుకి తోసి. "ఇజీనారంలో ఇంగ్లీషు సదివినాది. తుమ్మినా ఇంగ్లీషులోనే తుమ్ముతాది."

"అయితే సరైన ఇంగ్లీషు పేరు మీరే చెప్పండి. ప్రస్తుతానికి ఒక బోర్డు వేద్దాం. ఎవరికీ అభ్యంతరం లేకపోతే తర్వాత అదే ఖాయం చేస్తాం," అన్నారు ఆఫీసరు గారు.

అయ్యా, అక్కడ "పెంటమ్మ గెడ్డే వేసుకోండి" అని ఉంటే ఈ కథే లేదు. కానీ నాకు అప్పటికి డిగ్రీ కొత్త. కొత్త చెప్పుల్లాంటిది, నడిచిన చోటల్లా చప్పుడు చేస్తుంది. మొదట తర్జుమా చేసి చూశాను. 'గార్బేజ్ మదర్ స్ట్రీమ్' అని వచ్చింది. కాగితం మీద చూసి నేనే ముక్కు మూసుకున్నాను. చివరికి 'క్రిస్టల్ క్వీన్ ఫాల్స్' అని తేల్చాను. క్రిస్టల్ అంటే స్ఫటికం, క్వీన్ అంటే రాణి, ఫాల్స్ అంటే పడేది. ఎవరి నెత్తిన పడుతుందో అప్పటికి తెలీదు.

మామ్మ ఒక్కర్తే అడ్డుపడింది.

"ఒలే గుంటా, దానికి అందమైన పేరెట్టకే. దిష్టి తగిలీగలదు."

"నీళ్లకి దిష్టేటే మామ్మా?"

"నీళ్లకి తగలదేటి? పాలకి తగల్దా? పేరెట్టి మురిసిపోతే ఏదీ దక్కదే."

"ఇంగ్లీషు పేరు మన దిష్టికి అర్థం కాదులే," అన్నాను. ఈ మాటకి ఊరంతా నవ్వింది. నవ్వించాను కదా అని నేనూ మురిసిపోయాను. మామ్మ నవ్వలేదు.

బోర్డు వచ్చింది. నీలం మీద తెల్ల అక్షరాలు. నేను దాని పక్కన నిలబడి ఫొటో దిగి క్లాస్‌మేట్స్ అందరికీ పంపాను. చూస్తుండగానే ఆ పేరు రీల్సుకెక్కింది. ఆదివారం వస్తే చాలు, విశాఖపట్నం నుంచీ, విజయనగరం నుంచీ కార్లు, బైకులు. గెడ్డ ముందు జనం రకరకాలుగా మెడలు వంచి ఫొటోలు దిగేవారు. కొంతమందికి మెడలు తిరిగి నిలబడ్డాయో లేదో నాకు తెలీదు. సర్పంచి మావ కొండ పైన ఒక రేకుల పాక వేసి బజ్జీలు మొదలెట్టాడు. నేను వీధిలో నడుస్తుంటే "పేరెట్టిన గుంట" అని చూపించేవారు.

ఫాల్గుణం వచ్చేసరికి గెడ్డ సన్నబడింది. చైత్రానికి తాడులా అయింది. తర్వాత దారం. ఒక పొద్దున మా నాన్న వంగమడిలోంచి వచ్చి, పార గోడకి ఆనించి, నా వైపు చూడకుండా అన్నాడు:

"నీళ్లు రాలేదమ్మా."

అంతే. నాన్న కేకలేసినా బాగుండేది. వాడిపోయిన వంగమొక్కలు మాత్రం వరసగా తలలు దించుకుని నన్నే తప్పుపడుతున్నట్టు నిలబడ్డాయి.

మధ్యాహ్నానికి రెండూళ్లూ మా గుమ్మంలో ఉన్నాయి. అందరికన్నా గొంతు పెద్దది సర్పంచి మావది.

"సదవేస్తే ఉన్న గెడ్డ పోనాది! పెంటమ్మని రాణీని సేసీసినావు. మరి రాణీగోరు మన పొలాల్లోకి దిగుతారేటి?"

"మావా, వానలు లేవు, అందుకే..."

"వానల్లేని ఏడు ఇంతకుముందు రాలేదేటి? అప్పుడెండిందేటి?"

జవాబు కోసం చదివిందంతా తలలో తిరగేశాను. ఇంగ్లీషు సాహిత్యంలో ఎక్కడా లేదు.

అప్పుడు మామ్మ తీర్పు చెప్పింది. "మల్లీ పెంట మీదెట్టి కొనాల. కొత్త పేరు దేనిమీద రాసినారో దాన్నే ఎట్టాల. రాసిన గుంటే మోసుకెళ్లాల."

ఆ రకంగా విజయనగరంలో ఇంగ్లీషు చదివిన నేను, గునపంతో పెకలించిన ప్రభుత్వం వారి రేకు బోర్డుని నెత్తిన పెట్టుకుని, డప్పు వెనకాల, ఊరి పెంటకుప్ప దాకా ఊరేగాను. బోర్డుకి పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. కుప్ప మీద పడుకోబెట్టారు. పేడ మీద క్రిస్టల్ క్వీన్ ఎండకి తళతళ మెరిసింది.

సరిగ్గా అప్పుడే జీపు వచ్చింది.

ఆఫీసరు గారు దిగారు. కళ్లజోడు తీశారు. తుడిచారు. మళ్లీ పెట్టుకున్నారు. బోర్డు అక్కడే ఉంది.

"ఏమిటిది? ఫాల్స్‌లో నీళ్లు లేవని ఫిర్యాదులొస్తున్నాయని చూడ్డానికి వస్తే, బోర్డు పెంటకుప్ప మీద పెడతారా? ఇది ప్రభుత్వ ఆస్తి! ఎవరు చేశారిది?"

రెండూళ్ల వేళ్లు నా వైపు లేచాయి. ఐకమత్యమంటే మా వాళ్లదే.

నేను ఇంగ్లీషులో క్షమాపణ మొదలెట్టాను. మామ్మ నన్ను పక్కకి నెట్టి, చేటలో నూకలు పట్టుకుని ఆయన ముందుకెళ్లింది.

"ఆస్తి నీదే కదేటి బాబూ? మరయితే నువ్వే కొనుక్కో. గుప్పెడు నూకలియ్యి, తీసుకెల్లిపో."

"నా బోర్డు నేను కొనుక్కోవడమేమిటండీ?"

"కన్నతల్లి మాత్రం తన బిడ్డనే కదా కొంటాది!"

ఆఫీసరు గారు ఒక అడుగు ముందుకేశారు. బోర్డు వైపు చూశారు. నూకల వైపు చూశారు. ఆయన మొహంలో ఇస్త్రీ అంతా ఒక్కసారి నలిగిపోయింది.

"ఇది... ఆ నూకల కొనుగోలా?" అన్నారు చిన్నగా.

"నీకెలగ తెలుసు బాబూ? నీ పేరేటి?"

ఆయన చుట్టూ చూసి, దగ్గి, అన్నారు: "నూకరాజు."

ఊరంతా ఒక్కసారి "ఓలమ్మో" అంది.

"నాకు ముందు ఇద్దరు పోనారట. మాది అరసవల్లి. మా అమ్మ నన్ను పక్కింటావిడ దగ్గిర కొన్నాది," అన్నారు. ఇంత సేపూ టీవీ వార్తల్లా మాట్లాడిన మనిషి నోట్లోంచి అరసవల్లి ఎలా దూకిందో చూడండి!

"అయితే నీకు సెప్పాలేటి? పట్టు సేట," అంది మామ్మ.

ఆయన బూట్లు విప్పి, చేటలోంచి నూకలు దోసిట్లోకి తీసుకుని మామ్మ కొంగులో పోశారు. బోర్డుని రెండు చేతులతో ఎత్తుకున్నారు. చొక్కా మీద పేడ అంటింది, పట్టించుకోలేదు. ఇక కొన్నవారిదే బిడ్డ, పేరు పెట్టే హక్కూ ఆయనదే.

"పెంటమ్మ," అన్నారు గట్టిగా. డప్పు మోగింది.

పేరు పెట్టాక గెడ్డకి కూడా చెప్పాలి కదా. అందరం కొండెక్కాం. జలపాతం దగ్గర బండ పొడిగా ఉంది. నీళ్లు కనబడేదాకా ఇంకా పైకెళ్లాం. అక్కడ, సర్పంచి మావ రేకుల పాక వెనకాల, గెడ్డకి అడ్డంగా బండరాళ్లు పేర్చి, సందుల్లో గోనెసంచులు కుక్కి ఒక చెరువు. అందులో మా రెండూళ్ల నీళ్లూ, ఆ నీళ్లలో గేదెల్లా పడుకున్న పర్యాటకులూ.

మా నాన్న రాళ్ల వైపు చూశాడు. తర్వాత సర్పంచి మావ వైపు చూశాడు.

"ఎవుడ్రా ఇక్కడ రాళ్లెట్టినోడు!" అని సర్పంచి మావ అందరికన్నా ముందు గర్జించి, మొదటి రాయి కాలితో తన్నాడు.

నీళ్లలోంచి ఒకతను తల ఎత్తి, "అదేంటి సార్, స్విమ్మింగ్‌పూల్ అని పొద్దున్న డబ్బులు తీసుకున్నది మీరే కదా?" అన్నాడు.

"నువ్వు ముందు లేసి బట్టలేసుకో!"

రాళ్లు తీశాం. నీళ్లు అరుచుకుంటూ బండ మీంచి దూకాయి. నాన్న నీళ్ల వెనకాలే వంగమడి దాకా పరిగెత్తాడు. నేను ఊపిరి పీల్చుకుని, గొంతు సవరించుకుని, చదువుకున్నదాన్ని కాబట్టి, అందరికీ వివరించాను.

"చూశారా? దిష్టీ కాదు, పేరూ కాదు. రాళ్లు!"

"రాళ్లే," అంది మామ్మ. "మరి ఆ రాళ్లు ఎవులికోసం ఎట్టినారు? ఈ జనం కోసం. జనం దేనికోసం వచ్చినారు?"

"నా పేరు... అంటే క్రిస్టల్..."

"అదీ!" అన్నాడు సర్పంచి మావ, ప్రాణం లేచొచ్చినట్టు. "నానెప్పుడో సెప్పినాను. తప్పంతా పేరుదే! ఆ పేరే లేకపోతే నానీ రాళ్లెట్టుదునేటి?"

ఊరు ఊరంతా తలూపింది. రాళ్లు పెట్టినవాడు నిర్దోషి, పేరు పెట్టినదాన్ని ముద్దాయిని. ఆ సాయంత్రం ఆయన బజ్జీలు ఉచితంగా పంచాడు. నాకు మాత్రం పెట్టలేదు.

నూకరాజు గారు జీపెక్కుతూ అడిగారు: "మేడమ్, ఇంతకీ సరైన ఇంగ్లీషు పేరు ఏం రాయమంటారు?"

"సార్, మిమ్మల్ని ఇంగ్లీషులో ఏమంటారు?"

"నూకరాజే."

"మరింకేం?"

ఆయన నవ్వి ఫైలులో రాసుకున్నారు. పైవాళ్లు ఒప్పుకుంటారో లేదోనని ఇన్నాళ్లూ గుండె పట్టుకుని కూర్చున్నాను. ఒప్పుకున్నారు.

అందుచేత ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేయడమేమనగా, ఎడమ చేత డిగ్రీ పట్టా, కుడి చేత గుప్పెడు నూకలు పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకపై కొండకి గానీ, గుట్టకి గానీ, వాగుకి గానీ, ఆఖరికి మా ఇంటి మేకపిల్లకి గానీ నా అంతట నేను ఇంగ్లీషు పేరు పెట్టను. ఎవరైనా అడిగితే తుమ్ముతాను, అదీ తెలుగులో.

ఇక నన్ను వదలండి, ఫోన్లు చేసుకోవాలి. కింది ఊళ్లో అత్తకి: చోడి నారు, అదే రాగి నారు, ధైర్యంగా పోసుకోవచ్చు. అరసవల్లిలో నూకరాజు గారి అమ్మగారికి: కొడుకు మా గెడ్డ పేరు ఖాయం చేసిన కాగితం మీద, నూకరాజని దాచకుండా పూర్తి పేరుతో సంతకం పెట్టాడు. కాలేజీలో మా ఇంగ్లీషు మాస్టారికి: ఆయన అర్థం అడుగుతారు, సిగ్నల్ లేదంటాను. అప్పట్లో నేను బోర్డు ఫొటో పంపిన క్లాస్‌మేట్స్ అందరికీ, విడివిడిగా, తిట్లు తినడానికి. సర్పంచి మావకి మిస్డ్ కాల్ చాలు, ఈ పేరు తనే వేయించానని మిగతా ఊరికి ఆయనే చెప్పుకుంటాడు. ఇక మా అక్క. దానికి నెలలు నిండాయి, పుట్టబోయే బిడ్డకి ఇంగ్లీషులో ఏదైనా కొత్త పేరు చూడమని రోజూ ప్రాణం తీస్తోంది. ఆ ఫోను మాత్రం మామ్మకిస్తాను.