అత్త మొక్కు, మా కాళ్ళు

మా అత్త మొక్కిన మొక్కు తీర్చడానికి నేనూ, మా తోడికోడలూ కొండ చుట్టి వచ్చిన ఏడాది మా వైపు వానలు సరిగా పడలేదు. సాగర్ కాలవలు ఇంకా రాలేదు. డ్యాం కడుతున్నారని, రాళ్ళు మొయ్యడానికి మనుషులు కావాలని ఊళ్ళో మగవాళ్ళు చాలామంది అటు వెళ్ళిపోయారు. మాది రాజుపాలెం నుంచి బెల్లంకొండ వెళ్ళే దారిలో కాస్త లోపలికి ఉన్న పల్లె. జొన్న, మిరప, నువ్వులు వేసేవాళ్ళం. ఏది పండాలన్నా వాన పడాల్సిందే.

ఆ మొక్కు మా ఆయన కోసం మొక్కింది. అంతకు కొన్నేళ్ళ ముందు ఆయనకు విషజ్వరం వచ్చింది. ఒంటిమీద స్పృహ లేదు. ఇంట్లో ఉన్న ఒక్క బండి కట్టి, మా అత్తా నేనూ ఆయన్ను నరసరావుపేట ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు ఏమీ చెప్పలేనన్నాడు. మా అత్త వరండాలో నిలబడి, మా ఊరి కొండ ఎటు ఉంటుందో చూసుకుని, అటు తిరిగి దణ్ణం పెట్టింది. "నా బిడ్డ బతికితే నా కోడళ్ళిద్దరూ కూడూ నీళ్ళూ వీపున కట్టుకుని నీ చుట్టూ తిరిగొస్తారు సామీ" అంది.

కొండమీది గుడికి మెట్లున్నాయి. అందరూ అవి ఎక్కి దిగి వచ్చేస్తారు. చుట్టి రావడం వేరు. కొండ వెనక అంతా రాళ్ళూ, తుమ్మ చెట్లూ, మేకలు తొక్కిన దారులూ. బండి పోదు. పొద్దున్నే బయలుదేరినా దారిలో ఎక్కడో ఒకచోట రాత్రి గడపాల్సిందే. కొండ కుడిచేతి వైపే ఉండాలి. మొదలుపెట్టాక వెనక్కి తిరగకూడదు.

ఆయన బతికాడు. కానీ మేం ఆసుపత్రిలో ఉన్న రోజుల్లోనే ఇంటి దగ్గర మా తోడికోడలి కూతురు చనిపోయింది. నాలుగేళ్ళ పిల్ల. మేం తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. రాత్రికి రాత్రే జ్వరం వచ్చి పోయిందన్నారు. గాలి సోకిందన్నారు. అప్పటినుంచి మా తోడికోడలు నాతో పని మాటలు తప్ప మాట్లాడేది కాదు. నా వాడు బతికాడు, ఆమె బిడ్డ పోయింది, ఆ కడుపుమంట అంతేననుకున్నాను. కొన్నాళ్ళకు పొయ్యిలు వేరయ్యాయి. ఒకే వాకిట్లో ఉంటూ రెండిళ్ళ వాళ్ళమయ్యాం.

మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. ఒక ఏడు కోతలు, ఒక ఏడు జ్వరాలు. చివరికి మా అత్త మంచాన పడింది. ఇక లేవనని తెలిశాక మా ఇద్దర్నీ పిలిచి మొక్కు తీర్చమని అడిగింది. నేను వెంటనే సరేనన్నాను. మా తోడికోడలు మంచం పక్కనే నిలబడిపోయింది. తర్వాత, "సరేలే అత్తా, పోతాం" అంది. ఏడాది తిరిగి, అత్తకు సంవత్సరీకం పెట్టాక, మిరపకోతలు అయ్యీ అవ్వకముందే బయలుదేరాం.

పాత చీరల్లో మూటలు కట్టుకున్నాం. జొన్నరొట్టెలు, చింతకాయ పచ్చడి, ఒక దుప్పటి, సొరబుర్ర నిండా నీళ్ళు. కోతల్లో వంగి వంగి అప్పటికే నా నడుం పట్టేసి ఉంది. తెల్లవారకముందే మెట్ల దగ్గర దణ్ణం పెట్టుకుని నడక మొదలుపెట్టాం. ఆమె ముందు, నేను వెనక. ఆమె పొడుగు మనిషి, పెద్ద పెద్ద అంగలు. నేను ఆమె మడమలు చూసుకుంటూ నడిచాను. వాటికి లోతైన పగుళ్ళు. ఎండెక్కేదాకా ఒక్క మాట లేదు. తర్వాత వెనక్కి చూడకుండానే అంది.

"ఏమే, మూట కాస్త పైకి కట్టుకో. నడుం మీద పడితే సాయంత్రానికి నిలబళ్ళేవు."

పైకి కట్టుకున్నాను. అప్పుడు ముడి భుజాన్ని కోయడం మొదలుపెట్టింది.

కొండకు అటు తిరిగాక ఊళ్ళు కనపడటం మానేశాయి. ఎండకు రాళ్ళు కాగిపోయి చెప్పుల్లోంచి వేడి తగులుతోంది. మా ఊరి నుంచి చూస్తే కొండ ఏనుగు పడుకున్నట్టు నున్నగా ఉంటుంది. వెనక అలా కాదు. విరిగిన పళ్ళెంలా అంచులు అంచులుగా ఉంది. ఒక అంచు దాటితే ఇంకొకటి. ప్రతిదీ ఇదే ఆఖరిదనిపిస్తుంది, కాదు. నీళ్ళు అయిపోవచ్చాయి. అక్కడొక చెలమ ఉంటుందని, ఎండాకాలంలోనూ ఊరుతుందని మా అత్త చెప్పింది. వెళ్ళి చూస్తే ఇసుకే. ఇద్దరం చేతుల్తో తోడాం. మోచేతి లోతు పోయాక కాసిని బురదనీళ్ళు ఊరాయి. కొంగు అడ్డం పెట్టి వడగట్టుకుని తాగాం. అవి తాగాక ఆమె మూట కింద పడేసి, బండకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"నువ్వు పో. నేను రాను" అంది.

"సగం దాకా వచ్చాం గదక్కా. వెనక్కి పోయినా ఇంతే దూరం."

"బతికింది నీ మొగుడు. అరిగేది నా కాళ్ళా?"

నాకూ ఒళ్ళు మండింది. అలసట మీద కోపం తొందరగా వస్తుంది. "నేను మొక్కమన్నానా? రానని అత్తకి అప్పుడే చెప్పాల్సింది. ఇంత దూరం వచ్చి ఇప్పుడంటే ఎట్టా?" అన్నాను.

ఆమె నా వంక చూడలేదు. ఎదురుగా ఉన్న తుమ్మచెట్టును చూస్తూ చెప్పింది. గొంతు పెంచలేదు.

"ఆ పొద్దు నీ మొగుడికి బండి కట్టేటప్పటికే పిల్లకి ఒళ్ళు కాలిపోతంది. అత్తకి చెప్పా. దీన్ని కూడా ఎక్కించుకుని పోండి, నేను వెనకాల నడిచొస్తానన్నా. ఇద్దర్ని పడుకోబెడితే చోటు చాలదంది. ముందు వాణ్ణి చేర్చి, బండి తిప్పి పంపిత్తానంది. నువ్వప్పుడు లోపల దుప్పట్లు సర్దుతన్నావు."

"పంపలేదా?"

"పంపింది. పిల్లని పూడ్చొచ్చిన తెల్లారి వచ్చింది బండి."

నేను ఆ బండిలో ఉన్నాను. మా ఆయన తల నా ఒళ్ళో ఉంది. కాళ్ళ దగ్గర దుప్పట్ల మూట ఉంది. దారంతా ఆ మూట కిందికి జారుతుంటే కాలితో లోపలికి నెట్టుకుంటూ ఉన్నాను. ఆమె చెబుతుంటే నాకు ఆ మూట కళ్ళకు కట్టింది. నాలుగేళ్ళ పిల్ల అంత చోటు అది.

"నాకెందుకు చెప్పలా?"

"నీ మొగుడు లేచి నడిచేదాకా చెప్పొద్దంది అత్త. లేచి నడిచినాక చెప్పి చేసేదేంది?"

"మరి ఈ మొక్కుకి ఎందుకొచ్చావక్కా?"

"పోయే ముందర అత్త నా చెయ్యి పట్టుకుంది. నీది కాదు, నాది. ఏం అనలా. వదల్లా. ఎంతసేపని అట్టా నిలబడేది? సరేనన్నా."

నేను ఏడవాల్సిందేమో. ఒంట్లో అంత శక్తి లేదు. నోరు ఎండిపోయి ఉంది. కాళ్ళు రెండూ వేరేవాళ్ళవిలా ఉన్నాయి. ఆమె పక్కన అదే బండకు ఆనుకుని కూర్చున్నాను. ఎండ మా మీదికి జరిగేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం. తర్వాత ఆమే లేచి మూట కట్టుకుంది. "పద. పొద్దు గూకుద్ది" అంది.

ఆ తర్వాత నడక మరీ కష్టమైంది. చెప్పు తెగి ఆమె కాల్లో తుమ్మముల్లు దిగింది. నా జాకెట్టుకున్న పిన్నీసుతో తీద్దామని ఆమె పాదం నా ఒళ్ళో పెట్టుకున్నాను. ముల్లు విరిగి లోపలే ఉండిపోయింది. ఎంతసేపు కెలికినా రాలేదు. ఆమె ఒక్కసారి కూడా అమ్మా అనలేదు. చివరికి, "పోనీలే, ఉండనీ" అని కాలు లాక్కుని, గుడ్డపీలిక చుట్టుకుని మడమ ఆనించకుండా నడిచింది. మూట ఇమ్మంటే ఇవ్వలేదు. సొరబుర్ర మాత్రం ఇచ్చింది.

పొద్దు వాలుతుండగా కొండ వెనక ఒక చిన్న పల్లె తగిలింది. కాసిని పాకలు, మధ్యలో తాటాకులు కప్పిన పొడుగాటి కొట్టం. మిగతా రోజుల్లో అది బడి, ఆదివారం ప్రార్థన అక్కడే. బడి పంతులు తల్లి బయట చేటలో జొన్నలు చెరుగుతోంది. మమ్మల్ని చూసి చేట పక్కన పెట్టి, ఏమీ అడక్కుండా ముందు నీళ్ళు తెచ్చింది. మేం తాగడం చూసి ఇంకో చెంబు తెచ్చింది. తర్వాత కాగు కింద మంట ఎగదోసి, కాళ్ళు కడుక్కోమని వేడినీళ్ళు ఇచ్చింది. ఆ నీళ్ళలో పాదాలు పెట్టినప్పుడు ఇద్దరికీ కళ్ళు మూతలు పడ్డాయి.

"ఏం మొక్కమ్మా?" అని అడిగింది ఆమె.

మా తోడికోడలే చెప్పింది. "ఇంట్లో జరాలొచ్చినయ్ పెద్దమ్మా. మా మరిదికి తగ్గింది."

"అందరికీ తగ్గిందా?"

"ఆయనకి తగ్గింది."

ఆ పెద్దావిడ లోపలికి పోయి జొన్నన్నం, గోంగూర, మజ్జిగ తెచ్చి మా ముందు పెట్టింది. కళ్ళు మూసుకుని తన దేవుడికి చెప్పుకోవాల్సిందేదో నెమ్మదిగా చెప్పుకుని, తినమంది. మా తోడికోడలు వెంటనే చెయ్యి కడుక్కుంది. నేను ఆమె మోచెయ్యి పట్టుకుని మెల్లిగా అన్నాను. "మనం కట్టుకొచ్చిందే తినాలి గదక్కా, మొక్కు."

"అత్త కూడు కట్టుకుపొమ్మంది. ఎవరన్నా పెడితే తినొద్దని అన్లా" అని ముద్ద నోట్లో పెట్టుకుంది. నేనూ తిన్నాను. అంత రుచైన మజ్జిగ మళ్ళీ తాగలేదని ఇప్పటికీ అనుకుంటాను. ఆ పెద్దావిడ ఉమ్మెత్తాకు వెచ్చజేసి ఆమె పాదానికి కట్టింది. బడి కొట్టంలో దుప్పటి పరిచి పడుకోవడమే గుర్తు. తెల్లవారి లేచేసరికి ఒళ్ళు కొయ్యబారిపోయింది. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లేచాం.

మిగిలిన దారి గురించి చెప్పడానికేమీ లేదు. నడిచాం, అంతే. ఆమె నా భుజం మీద చెయ్యేసి కుంటింది. ఆమె బరువుకు నేనూ కుంటుతూ నడిచాను. మధ్యాహ్నం దాటాక కొండ ఇవతలి మొహం కనిపించింది, మెట్లు కనిపించాయి, మెట్ల కింద కొబ్బరికాయలమ్మే మనిషి కనిపించాడు. సంతోషమేమీ కలగలేదు. ఇక నడవక్కర్లేదు అనుకున్నాను.

కొబ్బరికాయ ఆమెకు ఇవ్వబోయాను. "నువ్వు కొట్టు. నాకు ఆ సామితో పనిలేదు" అంది. కొండకు వీపు పెట్టి మొదటి మెట్టు మీద కూర్చుంది. నేను కాయ కొట్టాను. ఏం కోరుకోవాలో తెలియలేదు. ఉత్త దణ్ణం పెట్టి వచ్చి ఒక చిప్ప ఆమె చేతిలో పెట్టాను. ఆకలిమీద ఉన్నాం. అక్కడే కూర్చుని చెరోటి గీరుకు తిన్నాం.

ఆ సాయంత్రం మా ఆయన్ను అడిగాను, ఆ పిల్ల సంగతి ఆయనకు తెలుసా అని. ఆయన నులక మంచం బిగిస్తున్నాడు. తాడు లాగడం ఆపకుండా, "తెలుసు. అమ్మ చెప్పింది" అన్నాడు.

"ఎప్పుడు?"

"నేను లేచి తిరిగేటప్పుడే. వదిన మొహం చూడలేకే నేను వేరు పోదామన్నది."

పొయ్యిలు వేరవడం మా తోడికోడలి పంతం అనుకున్నాను అన్నాళ్ళూ.

మర్నాటికి నాకూ, మా తోడికోడలికీ జ్వరం వచ్చింది. ఎండ దెబ్బో, అలసటో. మా బావగారు సాగర్ పనిలో ఉన్నారు, ఇంట్లో వేరే ఆడమనిషి లేదు. మా ఆయనే గంజి కాచాడు. నా గిన్నె నాకిచ్చి, రెండో గిన్నె పట్టుకుని వదిన గుమ్మం దాకా పోయి లోపలికి పోలేక నిలబడ్డాడు. నేను మంచంలోంచి చూస్తున్నాను.

"వదినా, గంజి" అన్నాడు.

లోపలినుంచి ఆమె గొంతు వినిపించింది. "ఉప్పేశావా?"

"వేశా."

"తీసుకురా."

ఆయన లోపలికి పోయాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. బయటికొచ్చాక మొహం తుడుచుకుని, ఎడ్లను విప్పుకుని, మిట్టమధ్యాహ్నం అని కూడా చూడకుండా చేలోకి వెళ్ళిపోయాడు.

ఆ సంగతి ఆమె నాతో మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కొన్నేళ్ళకు కాలవ వచ్చింది, పని ఇంకా పెరిగింది. మిరపకోతల రోజుల్లో ఇద్దరికీ ఓపిక ఉండేది కాదు. అప్పుడు ఒక పొయ్యే వెలిగించేవాళ్ళం. ఎవరు ముందు ఇంటికొస్తే వాళ్ళు ఎసరు పెట్టేవాళ్ళు.