మెకానిక్ మాట

మహబూబ్‌నగర్ పెద్ద దవాఖాన దగ్గర భార్యాభర్తలు మా బస్సెక్కారు. కడుపు ఆపరేషన్ అయి ఇంటికి వెళ్తున్న ఆమె, నేను లేచి ఇచ్చిన సీట్లో పొట్ట పట్టుకుని కూర్చుంది.

"బండి లేదా?" అతన్ని అడిగాను.

"ఉంది సార్. ఇంజిన్ కొత్తగ చేయించిన. నెల దాక ఇద్దరిని ఎక్కియ్యొద్దు, జోరుగ తోలొద్దన్నడు మెకానిక్. ఒక్కన్నే మెల్లగ తోల్తున్న."

అంత శ్రద్ధకు ముచ్చటేసింది. "మరి ఈమెకు డాక్టరేం చెప్పాడు?"

"నెల దాక బరువు మొయ్యొద్దన్నడు. డాక్టర్లు అందరికి గట్లనే చెప్తరు. రేపటి సంది పత్తి ఏరనీకి పోతది."

ఆమె కిటికీ వైపు తిరిగింది. ఇరుకులో అతని భుజం నాకు రాసుకుంటోంది. రోత పుట్టి వెనక్కి జరిగాను.

కొత్త బండిని మెల్లగా తోలేవాళ్లను చూస్తే, ఇప్పటికీ ఆ భుజం తగిలినట్టే ఉంటుంది.