రెండో భాగానికి పగవాడు పెరియసామి

పెరియసామికి రెండో భాగం అంటే గిట్టదు. ఏ రెండో భాగమైనా సరే. సినిమా రెండో భాగం వచ్చిందంటే, దాని పోస్టరు అంటించిన వీధి వదిలి చుట్టుదారిన పోతాడు. విరుదునగర్‌లో పరోటా తింటూ ఉంటే, రెండోసారి సాల్నా పులుసు పొయ్యడానికి వచ్చిన మనిషికి ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "మొదటిది బాగుండె. దాన్ని చెడపవద్దు" అంటాడు. కోవిల్‌పట్టిలో ఆయన మెచ్చిన వేరుశెనగ మిఠాయి అంగడివాళ్లు బస్టాండు దగ్గర ఇంకో అంగడి తెరిచిన రోజు నుంచి రెండు చోట్లా కొనడం మానేశాడు. ఆయనకు ఇద్దరు పిల్లలు. కవలలు పుట్టబట్టి ఆ ఇంట్లో గొడవ రాలేదని వదిన కమలం అంటుంది.

ఇంతకీ ఆయన చేసే పని ఏమిటంటే, మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోగానే దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకడం. అరుప్పుకోట్టై మగ్గాలవాళ్లు ఆయన వేళ్ల కోసం రోజుల తరబడి కాచుకుంటారు.

"తంబీ, నీవు తినే కూడే రెండో భాగం కూడు కదా" అని కమలం దెప్పేది.

"పోగులో కత ఉండాదా వదినా? కత ఉంటే నేను అతకను" అనేవాడు, ఏమాత్రం తడబడకుండా.

ఆయన పట్టుదల అంతా కలిసి ఒక్కచోట కుప్పపడింది తపాలా ఆట మీద. ఆయన అన్న ముత్తురామన్ జబ్బుతో మంచం పట్టినప్పుడు, కూతురు కార్తిక పొద్దుపోవడానికి ఫోనులో వేసి ఇచ్చిన ఆట అది. ఒక ముసలి తపాలామె సైకిలు తొక్కుకుంటూ కొండ ఊళ్లన్నీ తిరిగి ఉత్తరాలు పంచుతుంది. సంచిలో ఆఖరి ఉత్తరం తన ఇంటి చిరునామాకే ఉంటుంది. వానలో తడుస్తూ ఇల్లు చేరి, తలుపు తట్టబోతుంది. తట్టక ముందే తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుంది. తెర తెల్లబడుతుంది. ఆట సరి.

తలుపు తీసింది ఎవరు? ఎన్నో ఏళ్ల కింద ఇల్లు వదిలి పోయిన ఆమె మొగుడే తిరిగొచ్చి తీశాడని ముత్తురామన్. గాలి అని పెరియసామి. వారానికి రెండు సార్లు విరుదునగర్ నుంచి బస్సెక్కి అన్న ఇంటికి వచ్చి మరీ పోట్లాడేవాడు.

"మొగుడయితే మగని చెయ్యి కనపడాల కదన్నా?"

"వానలో చెయ్యేడ కనపడుతుందిరా, దద్దమ్మా!"

మందులు పుచ్చుకోవడానికి ఏడిపించే ముత్తురామన్, ఈ పోట్లాట మధ్యలో మాత్రం ఇచ్చిన మాత్ర ఇచ్చినట్టు మింగేసేవాడు. కమలం ఆ సమయం చూసే నీళ్లగ్లాసుతో వెళ్లేది. వాదం తేలకుండానే ముత్తురామన్ కన్నుమూశాడు.

ఏడాది తద్దినం దగ్గర పడేసరికి ఆ ఆటకు రెండో భాగం వచ్చింది. దాంతోపాటు ఆ సైకిలు చిన్ననాటి ముచ్చట్లని ఇంకో ఆట కూడా వచ్చింది.

"సైకిలుకు చిన్నతనమేంది? ఉయ్యాల్లో ఏసి ఊపినారా?" అని పెరియసామి ఫోనులో అరిచాడు. "మొదటి ఆట కట్టినవాండ్లు తలుపు తీసి ఊరకుండినారు. ఆడ ఎవరిని నిలబెట్టుకునేది మన ఇష్టం. ఇప్పుడు వీండ్లొచ్చి ఆ ఇష్టాన్ని కూడా పీక్కుంటారా?"

కమలానికి ఆ న్యాయాలు పట్టలేదు. ఆమెకు ఒక్కటే కావాలి. ముత్తురామన్ గెలిచాడని తేలాలి, తేలిన సంగతి ఆయనకు తెలియాలి. తద్దినపు పడైయల్ నాడు ఆకు నిండా పోయినవారికి ఇష్టమైనవే పెడతారు కదా, వడల, అరిసెల్లాంటి అధిరసాల పక్కన ఫోను కూడా పెట్టి రెండో భాగం చూపించేద్దామని ఆమె నిశ్చయించుకుంది.

తద్దినం నాడు పెరియసామి గడప దాటుతూనే ఫోను చూశాడు.

"వదినా, ఇది తియ్యండి."

"ఏల తియ్యాల? మీ అన్నకు ఇష్టమయింది పెడితిని."

"అన్నకు ఇష్టమయింది మొదటిది. రెండోది పెడితే నేను చెయ్యి కడుక్కోను."

"కడుక్కోవద్దు. మురికి చేత్తోనే కూర్చో" అంది కమలం.

కార్తిక ఆట మొదలుపెట్టింది. కొండకు పోయే దారిలో తాళ్ల వంతెన ఉంది. కార్తిక ఎక్కింది, పడింది. మళ్లీ ఎక్కింది, పడింది. తొమ్మిదోసారి తపాలామె సైకిలుతో సహా లోయలో పడుతుంటే, గోడ వైపు తిరిగి ఫోను చప్పుడు వింటూ కూర్చున్న పెరియసామి తట్టుకోలేకపోయాడు.

"ఎడమ తాడు పట్టుకో పాపా! కుడిది తెగుతుంది, ఎన్నిసార్లు..."

నోరు మూసుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

"చిన్నాయనా, నీకెట్లా తెలుసు?" అంది కార్తిక.

కమలం నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "తంబీ. ఆడినావా?"

"ఒకసారి."

"తంబీ!"

"మూడుసార్లు" అన్నాడు పెరియసామి, నేల చూస్తూ. "వచ్చిన రోజే ఏసుకొంటిని. అన్న గెలిచి ఉంటే ఓడినానని చెప్పి మీ కాళ్ల మీద పడదామనుకొంటిని. ఒకవేళ నేను తప్పు చూసినానేమో అని మళ్లీ ఆడితిని."

"ఎవరు తీసినారు తలుపు?"

ఆయన కండువా కొస నలిపాడు.

"మేక" అన్నాడు.

"ఏంది?"

"మేక వదినా. లోపల ఉండె. కొమ్ముతో తోసింది. మొగుడూ లేడు, గాలీ లేదు. నేను ఓడితే ఓడితిని, పోట్లాడేదానికి నాకు నోరుండాది. అన్నకు లే కదా. ఆయన ఇంటికే వచ్చి, ఆయన ఆకు ముందర పెట్టి, ఓడినావని చూపించాల్నా?"

కమలం ఆయన ముఖం వైపు చూసింది. రాబోయిన ఏడుపు ఏమయిందో, గొంతులోంచి "మేకా!" అని ఒక నవ్వు ఊడిపడింది. ఏడాదిగా ఆ ఇంట్లో వినపడని నవ్వు. కార్తిక ఫోను పక్కన పెట్టి తల్లినే చూస్తూ ఉండిపోయింది.

నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుని, కమలం ఉన్నట్టుండి అడిగింది. "తంబీ, ఆ యమ్మ ఊరంతా తిరిగేటప్పుడు ఇల్లు బీగం ఏసుండె కదా?"

"అవు."

"మరి మేక లోపలికి ఎట్లా పోయె?"

పెరియసామి తలెత్తాడు.

"ఎవరో బీగం తీసి, మేకను తోలుకొని పోయి లోపల కట్టినారు. ఆ యమ్మ ఇంటి బీగంచెవి ఇంకెవరి దగ్గర ఉంటుంది? మొగుని దగ్గర!"

"అది... అది కిటికీలో దూరుంటుంది వదినా! గాలికి కిటికీ తెరుచుకొని..."

"కొమ్ముల మేక కిటికీలో దూరుతుందా? నీ కండ్లు ఏడ పెట్టుకొని ఆడితివి మూడుసార్లు?"

"మేకకు దోవ చూపేదానికి మొగుడు కావాల్నా? గాలి చాలు!"

"గాలి మేకను తోలుతుందా, దద్దమ్మా!"

ఆ మాట విని పెరియసామి ముఖం వెలిగిపోయింది. చొక్కా చేతులు పైకి మడిచి, బాసింపట్టు వేసుకుని సర్దుకు కూర్చున్నాడు. ఆకులో వడలు చల్లారిపోయాయి. మొదటి ముద్ద కాకికి పెట్టాలన్న సంగతి ఇద్దరూ మరిచారు. చూసి చూసి కాకే వచ్చి పెరటి గోడ మీద వాలి, గట్టిగా అరిచింది.

"చూస్తివా, మీ అన్న కూడా నా పక్కే" అంది కమలం.

పెరియసామి గోడ వైపు వేలు చూపించి గద్దించాడు. "అన్నా, నీవు నడాన దూరవద్దు. వదిన చెప్పి ముగించనీ, అప్పుడు నీతో మాట్లాడతా!"