పెద్ద టీచరు పలక

మా బడిలో ఇద్దరమే టీచర్లం. పై తరగతులు నావి, ఒకటి, రెండు తరగతులు పెద్ద టీచరువి. ఆమెను నేను అక్కా అంటాను. శావల్యాపురం చుట్టుపక్కల ఏ బడి గోడ మీద మంచిమాట రాయాలన్నా ఆమెకే కబురొచ్చేది. చర్చిలో ఆదివారం వాక్యం బోర్డు మీద రాసేదీ ఆమే. ఆమె ‘అ’ రాస్తుంటే పిల్లలతో పాటు నేనూ చూస్తూ నిలబడిపోయేదాన్ని.

కరోనాకు బడి మూతపడ్డాక ఫోనులో పాఠాలు చెప్పమన్నారు. ట్రైనింగు కూడా ఫోనులోనే. యాప్ ఎలా ఎక్కించుకోవాలో, హాజరు ఎలా పంపాలో గంటలకొద్దీ వాయించారు. ఫోను ముందువైపు కెమెరాలో మన బొమ్మ మనకు అద్దంలోలాగా తిరగబడి కనిపిస్తుందని, అవతలివాళ్లకు సరిగ్గానే కనిపిస్తుందని ఒక్కరూ చెప్పలేదు. వాళ్లు ఒకటో తరగతి మొహం చూసి ఎన్నేళ్లయిందో.

అక్క పలక మీద ‘అ’ రాసి ఫోనుకు చూపించింది. తెరమీద అది తిరగబడి ఉండేసరికి పిల్లలకూ అలాగే కనిపిస్తోందనుకుంది. నన్ను అడగలేదు. నేను పుట్టకముందు నుంచి సుద్దముక్క పట్టుకున్న మనిషి నన్నెందుకు అడుగుతుంది? ఇంట్లో కూర్చుని అక్షరాలన్నీ తిరగేసి రాయడం నేర్చుకుంది. తన తెరమీద సరిగ్గా కనపడేదాకా రాసి చెరిపి, చెరిపి రాసింది. ఆ వయసులో, ఆ కళ్లద్దాలతో.

ఇదంతా నాకు ఒక పిల్ల తండ్రి ఫోను చేస్తే బయటపడింది. ఆయన ఊళ్లో బైకు మెకానిక్కు.

"ఏం అనుకోబాకండి మేడం. మా పిల్ల అచ్చరాలన్నీ తిరగేసి రాస్తంది. ఇదేందే అంటే పెద్ద టీచరు ఇట్టానే రాసిందంటది. ఆమెకి ఒంట్లో బాగుందా?"

ఆయన మాటలో ఎగతాళి లేదు. నేను అక్క ఇంటికి బయల్దేరేలోపే ఇంకెవరో ఆమె పలక పట్టుకున్న ఫొటోను తల్లిదండ్రుల గ్రూపులో పెట్టారు. కింద నవ్వు బొమ్మలు. ‘వీళ్లకా జీతాలు’ అని ఒక పెద్దమనిషి. గోరుచుట్టు మీద రోకటిపోటులా తర్వాత అది పై ఆఫీసు దాకా పోయి, సంజాయిషీ కూడా అడిగారు.

నేను వెళ్లేసరికి అక్క వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. మా ఇద్దరి ఫోనులూ పక్కపక్కన పెట్టి, పలక తనకు ఎలా కనిపిస్తోందో, అవతలివాళ్లకు ఎలా కనిపిస్తోందో చూపించాను. ఈ ఫోనూ ఆ ఫోనూ మార్చి మార్చి చూసింది.

"అయితే నేను ముందు రాసిందే రైటంటావా?"

"అవునక్కా."

"నాకు తెలవలేదే అమ్మాయ్" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

బళ్లు తెరిచారు. పిల్లలు కొద్దిరోజుల్లోనే అక్షరాలు సరిచేసుకున్నారు. నవ్వినవాళ్లు నవ్వి మర్చిపోయారు. చర్చి బోర్డు మాత్రం ఇప్పుడు వేరేవాళ్లు రాస్తున్నారు. అక్క చెయ్యి నొప్పని చెప్పిందట.

నిన్న నేను లెక్కలు చెబుతుంటే ఆమె నా గది గుమ్మం దగ్గరకొచ్చింది. వెనకాల తన పిల్లల గోల. నా పిల్లలు చూడకుండా అరచెయ్యి నా ముందు చాపింది. అందులో సుద్దతో రాసిన ‘అ’, గుండ్రంగా, ఎప్పటిలాగే అందంగా ఉంది.

"ఇట్టానే గదా అమ్మాయ్?" అంది.

అవునక్కా అన్నాను. మొన్నా అదే అన్నాను. రేపూ అనాల్సి వస్తుంది.